దారం ఎక్కించే చేతులు

తెర మీద ఎర్ర అంకె మారినప్పుడల్లా చిన్న గంట మోగుతోంది. గంట మోగినప్పుడల్లా రూబీ కుడిచేతిని ఎడమచేతి కిందికి తోసేసుకుంటోంది, ఎవరూ చూడటం లేదని తెలిసినా. నరాల డాక్టరు గది ముందు కూర్చున్నవాళ్లు ఎవరి ఒళ్లో ఫైలు వాళ్లు చూసుకుంటారు, పక్కవాళ్ల చేతులతో వాళ్లకేం పని? ఆఫీసులో పంటి డాక్టరు దగ్గరికని చెప్పింది. ఇంట్లో భర్త శామ్యూల్‌తో ఆఫీసులో పెద్ద మీటింగుందని చెప్పింది. ఈ రెండు అబద్ధాలూ దారిలో ఎదురుపడకుండా ఉంటే చాలు. పొద్దున్నే కింది అంతస్తులో రక్తం తీసుకున్నారు, ఆ దూది ఇంకా మోచేతి మడతలోనే అంటుకుని ఉంది, పీకెయ్యొచ్చు, కానీ పీకాలంటే ప్లాస్టరు అంచును గోటితో పట్టుకోవాలి, అంత చిన్న పని చెప్తే ఈ చెయ్యి ఏం చేస్తుందో చూడాలని లేదు. కిటికీ అద్దంలోంచి కొత్తగూడ వైపు ఫ్లైఓవరు కనిపిస్తోంది, కార్లన్నీ నిలబడిపోయి ఉన్నాయి, దాని వెనక నీలం అద్దాల భవనంలో తొమ్మిదో అంతస్తులో తన కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుంటే ఏ భయమూ లేదు, కీబోర్డు మీద ఒక అక్షరం తప్పు పడితే చెరిపేసి మళ్లీ కొడతాం. కుట్టుమిషన్ దగ్గర అలా కాదు. మిషన్ దగ్గర చెయ్యి తప్పితే మరలు పడిపోతాయి.

పడిపోయింది కూడా. వేసవి మొదట్లో, ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా కూర్చుంది. ఆ నల్లటి చేతిమిషన్ అప్పటికి నెల రోజులుగా ఆమె చేతుల్లో నానుతోంది. ఎన్నేళ్ల కిందటి నూనో, లోపల గడ్డకట్టి బంకలా పట్టేసింది, చక్రం వెంట్రుకవాసి తిరగదు. మూలపడ్డ పాత మిషన్లను మళ్లీ నడిపించడం, తనకిష్టమైన పని అదే. కిరోసిన్ చుక్కలు వేయడం, జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వెచ్చబెట్టడం, మళ్లీ నూనె, మళ్లీ ఎదురుచూపు, సుత్తి మాత్రం ముట్టుకోకూడదు, బలవంతం చేస్తే విరుగుతుంది, ఓపిక పడితే ఒకరోజు దానంతటదే ‘కిర్ర్’మని కదులుతుంది. కదిలింది కూడా. మెడ మీద బంగారు రంగు లతలు, వాటిని కిరోసిన్‌తో తుడిస్తే చెరిగిపోతాయి, వేలికి మిషన్ ఆయిల్ రాసుకుని పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమరాలి. అదీ అయింది. ఇక సూదిని పట్టి ఉంచే మరొక్కటే బిగించాలి. అది వేళ్లలోంచి జారింది. నూనె చెయ్యి కదా అనుకుని తుడుచుకుని మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. మూడోసారి మర ఉన్నచోటే ఉంది, స్క్రూడ్రైవరు కొనే దాని గాడి చుట్టూ దోమలా తిరుగుతోంది, దిగడం లేదు. అప్పుడు చూసుకుంది చేతిని. సన్నగా, ఎవరో లోపల తీగ మీటినట్టు. ఆ క్షణంలో గదిలో పద్నాలుగు మిషన్లు ఉన్నాయి, అన్నీ తననే చూస్తున్నట్టు అనిపించింది. లేచి దుప్పటి తెచ్చి ఆ నల్ల మిషన్ మీద కప్పేసింది. ఆ రోజు నుంచి ఆ గది తలుపు తియ్యలేదు.

అమ్మకొచ్చిన జబ్బు పేరును రూబీ మనసులో కూడా పలకదు. ‘అమ్మది’ అనుకుంటుంది, అంతే. అమ్మది నాకూ వచ్చింది. ఆ మాట దగ్గరికి రాగానే మనసు పక్కకు తప్పుకుని ఇంకేదో పట్టుకుంటుంది, ఉదాహరణకి జీడిమెట్ల. అటు వైపు ఒక బీరువా చూద్దామని శామ్యూల్ తీసుకెళ్లిన రోజు, ఫ్యాక్టరీల మధ్య తుక్కు సామాను యార్డు, మందుల కంపెనీల వాసన గొంతులో గుచ్చుకుంటోంది, ఇనుప చువ్వల కింద నుంచి ఒక నల్లటి మెడ బయటికి వచ్చి ఉంది, నీళ్లలోంచి తల ఎత్తిన కొంగలా. యార్డు ఓంకార్ నవ్వాడు. “గిది నడ్వదక్కా. కరగబోసేదే. నీకెందుకు పరేషాన్?” నడవదని అతను అనకపోతే తెచ్చుకునేది కాదేమో. బీరువా మరిచిపోయి మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని వచ్చింది, తెల్ల చుడీదారంతా తుప్పు, బాలానగర్ దాటాక శామ్యూల్ ఆమె ఒళ్లోకి చూసి, “పాప ఎవరి పోలిక?” అన్నాడు. అలా మొదలైంది. తర్వాత ఓంకారే ఫోన్ చేసేవాడు, “అక్కా, ఇంగొక ముసల్ది దొరికింది, వస్తవా?” అని. ప్రతి మిషన్ బల్లకూ ఒక సొరుగు ఉంటుంది, ప్రతి సొరుగులోనూ ఎవరో ఒకరు ఉంటారు. ప్రెస్ బటన్లు, రంగు వెలిసిన రీళ్లు, విరిగిన సుద్దముక్క, ఒకదాంట్లో బడి పిల్లల బ్యాడ్జి, ఒకదాంట్లో పాలపన్ను, దూదిలో చుట్టి. ఏ తల్లి దాచిందో. వాటిని పారెయ్యదు రూబీ, మిషన్ శుభ్రమయ్యాక మళ్లీ అదే సొరుగులో పెట్టేస్తుంది. ఒక్కోదానికి ఒక్కో చప్పుడు. జర్మనీది పెదవులు కదపకుండా మాట్లాడినట్టు కుడుతుంది. కింది దారాన్ని మోసే పడవలాంటి షటిల్ ఉన్న పాతది మాత్రం గుర్రం నడిచినట్టు. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పగలదు. ఈమధ్య నిద్ర పట్టని వేళల్లో ఆ చప్పుళ్లన్నీ ఒక్కోటీ గుర్తుచేసుకుంటూ ఎవరికి ఏది ఇచ్చెయ్యాలో పంచిపెడుతోంది. జర్మనీది ఆఫీసులో సుష్మకి, అడుగుతూనే ఉంటుంది పాపం. పడవ షటిల్‌ది మాత్రం ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు. ఎవరిచ్చారు నాకు ఈ వీలునామా పని, అనుకుంటుంది, అనుకుని మళ్లీ పంచడం మొదలుపెడుతుంది.

డోర్నకల్‌లో అమ్మ సారమ్మ చర్చి పాటలవాళ్లకి తెల్ల అంగీలు కుట్టేది. ఈస్టర్ ముందు ఇల్లంతా తెల్లగా, నడవడానికి చోటుండేది కాదు, అన్నం తినాలన్నా చేతులు రెండుసార్లు కడిగించేది. మొదట అమ్మకు సూదిలోకి దారం పోవడం మానేసింది. “కండ్లు మసకలైనయ్ బిడ్డా, జర దారం ఎక్కియ్యి” అనేది, రూబీ ఎక్కించేది, ఇద్దరూ కళ్ల సంగతే అనుకున్నారు. తర్వాత కుట్టు వంకర పోయింది. పాస్టరుగారి భార్య ఎంతో మర్యాదగా, అమ్మ మనసు నొప్పించకుండా, అంగీల పని ఇంకొకరికి అప్పజెప్పింది. అమ్మ మరునాడు మిషన్ ముందు కూర్చుని బట్ట లేకుండా, దారం లేకుండా తొక్కుతోంది. ఊరికే. ఆ చప్పుడు వింటూ కూర్చుంది. “ఏం కుడుతున్నవే?” అని రూబీ అడిగితే, “ఏం లేదు బిడ్డా, కాళ్లు మంచిగనే ఉన్నయ్ గద” అంది. కాళ్లు కూడా తర్వాత... వద్దు. ఆ తర్వాతది వద్దు. గంట మోగింది. అంకె తనది కాదు.

“ఏమ్మా, నీది ఎన్నో నెంబరు?”

పక్క కుర్చీలో పెద్దాయన. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో గమనించలేదు. ఇస్త్రీ చొక్కా, నుదుటిన విభూతి, చొక్కా గుండీలన్నీ పైదాకా పెట్టి ఉన్నాయి, ఎవరో పెట్టినట్టు. ఆయన కుడిచెయ్యి తొడ మీద కూర్చుని బొటనవేలితో ఏదో గింజను నలుపుతున్నట్టు కదులుతోంది, ఆగకుండా, ఆయనతో సంబంధం లేనట్టు. రూబీ చూపు అక్కడికి వెళ్లి కాలినట్టు వెనక్కి వచ్చింది. అమ్మ వేళ్లు. అచ్చం అమ్మ వేళ్లు.

“ఇంకా నలుగురున్నరు” అంది.

“మా తర్వాతే అయితే. మాది చిత్తూరు దగ్గిర. కొడుకు ఈడ కొండాపూర్‌లో ఉండాడు. నా పేరు మునిస్వామి. ఈమె నాగమణి, నా డ్రైవరు.” అవతల కూర్చున్న భార్య మొగుడి మోకాలి మీద చిన్నగా కొట్టింది. ఆయన ఆగలేదు. “ఈ జబ్బుతో ఒక సుఖం ఉండాదమ్మా. కాఫీ గ్లాసు చేతిలో పెడితే చాలు, చక్కెర కలిపే పనే లేదు మా ఇంట్లో.”

నవ్వాలి. నవ్వింది. నాగమణి మాత్రం నవ్వలేదు, ఆ మాట వందసార్లు విన్నదిలా కొంగుతో ఆయన మూతి పక్కన తుడిచింది, శామ్యూల్ నాకూ ఇలా తుడుస్తాడా, తుడుస్తాడు, ఆ మనిషి తుడుస్తాడు, అదే కదా భరించలేనిది. అతని ఓపికను అంతకాలం వాడుకోవడం. పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి చెప్పి సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని వచ్చే మనిషి. ఈమధ్య టీ కూడా సగం కప్పే పోస్తున్నాడు నాకు. తనకేమో నిండుగా పోసుకుంటాడు, నాకు సగం. అడిగితే మళ్లీ ఇంకో సగం తెస్తాడు, ఒకేసారి పొయ్యొచ్చుగా, ఏం మనిషో. దాని మీద ఒకరోజు అలిగింది కూడా.

“ఈ కుర్చీ ఖాళీయేనా?”

ఆ గొంతు విని తలెత్తింది. శామ్యూల్. చొక్కా జేబు అంచున సుద్ద మరక, మదీనాగూడ నుంచి ఆ ట్రాఫిక్‌లో బండి మీద వచ్చినట్టు జుట్టంతా హెల్మెట్ ఆకారంలో అణిగిపోయి ఉంది. కోపంగా లేడు. అందుకే భయం వేసింది.

“నువ్వెట్ల వచ్చినవ్? క్లాసు లేదా నీకు?”

“నీ టోకెన్ మెసేజ్ నాకొచ్చింది. పోయిన ఏడాది జ్వరానికి ఇక్కడ చేరినప్పుడు నా నంబరే ఇచ్చాం కదా. ‘రూబీ గారూ, న్యూరాలజీ’ అని వచ్చింది.” కూర్చున్నాడు. కాసేపు తెర వంక చూశాడు. “మీటింగ్ బాగా జరుగుతోందా?”

రూబీ కుడిచెయ్యి ఎడమచేతి కిందే ఉంది. అతను ఆ రెండు చేతుల మీదా తన చెయ్యి పెట్టాడు, పెద్ద బరువేం లేకుండా. “నాకు తెలుసు రూబీ. చాలా రోజులైంది. నీ కప్పు సాసర్లో మోగుతుంటే వినపడదా? నిండుగా పోస్తే ఒలుకుతుందని, ఒలికితే నువ్వు చూసుకుంటావని...”

“అందుకా సగం కప్పు?”

“మరి? పాలు మిగిలించడానికి అనుకున్నావా?”

అలాగే అనుకుంది. అవును, అక్షరాలా అలాగే అనుకుంది, పిసినారి అని కూడా మనసులో అనుకుంది. నవ్వూ ఏడుపూ ఒకే దారంట వస్తుంటే రెండూ ఇరుక్కుపోయి ఏదీ బయటికి రాలేదు. ఇన్నాళ్లూ ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే భయాన్ని చెరో గదిలో పెట్టుకుని, తలుపులు వేసుకుని, ఒకరికి వినపడకుండా ఒకరు జోకొట్టారన్నమాట. “ఎందుకు అడగలే మరి?” అంది. “అడిగితే నిజమవుతుందేమోనని” అన్నాడు భౌతికశాస్త్రం మాస్టారు.

మునిస్వామిని లోపలికి పిలిచారు, ఆయన లేచి చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ వెళ్లాడు, గుమ్మం దగ్గర ఒక్క క్షణం కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతే నాగమణి ఆయన చెవిలో “ఊఁ, ఎడమ... కుడి...” అంది, కవాతు చేయించినట్టు. ఆయన కదిలాడు. రూబీ అది చూడకుండా ఉండలేకపోయింది. శామ్యూల్ కూడా చూశాడు, చేతి మీద చెయ్యి కొంచెం బిగిసింది. తర్వాత వాళ్లు బయటికి వచ్చి మందుల కోసం ఆ మూల కూర్చోవడం, మధ్యలో ఇంకెవరెవరో వెళ్లడం, అన్నీ నీళ్ల అడుగు నుంచి చూసినట్టు. గంట మోగింది. ఈసారి అంకె తనది.

డాక్టరు తనకన్నా చిన్నదానిలా ఉంది, కళ్లద్దాలు నెత్తి మీదకు తోసుకుని ఉంది. అడిగిన ప్రశ్నలకి రూబీ ఒకటే జవాబు చెప్పింది, మా అమ్మకు ఉండేది మేడం, అని. “అమ్మగారి సంగతి తర్వాత చెప్పండి, ముందు మీ చేతులు చూద్దాం” అంది డాక్టరు. నడవమంది, తిరగమంది, వేళ్లు టకటకా కొట్టమంది, మోచెయ్యి పట్టుకుని మడిచి చాచింది. ఒళ్లో చేతులు వదిలేసి వంద నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై... డాక్టరు లెక్క వినడం లేదు, ఒళ్లో చేతుల్ని చూస్తోంది. చేతులు ఒళ్లో పడుకుని ఉన్నాయి. కదలడం లేదు. రూబీ కూడా అప్పుడే చూసింది. ఇన్నాళ్లూ వాటిని దాచుకోవడమే గానీ ఊరికే ఉన్నప్పుడు ఎలా ఉంటాయో చూడనేలేదు. “ఇప్పుడు ముందుకు చాచండి” అంది డాక్టరు, చాచిన వేళ్ల మీద ఒక తెల్లకాగితం పెట్టింది. కాగితం గలగలలాడింది, ఫ్యాను కింద పెట్టినట్టు. ఆ చప్పుడు వినగానే అయిపోయింది అనుకుంది రూబీ, ఇక అంతా అయిపోయింది. డాక్టరు మాత్రం కాగితం తీసి పక్కన పెట్టి గ్లాసుతో నీళ్లిచ్చింది, తాగమని, తాగుతుంటే మెడ వంక చూసింది, మణికట్టు పట్టుకుని నాడి చూసింది.

“చెమటలు ఎక్కువ పడుతున్నాయా? బరువు తగ్గారా?”

“ఏసీ పదహారులో పెడుతుంది డాక్టరుగారూ” అన్నాడు శామ్యూల్, ఇక ఆగలేనట్టు. “నేను రెండు దుప్పట్లు కప్పుకుంటాను. బాగా తింటుంది, అయినా రవికెలన్నీ వదులైపోయాయి, పక్కలకు పిన్నీసులు పెట్టి బిగించుకుంటోంది. రాత్రుళ్లు నిద్రపోదు.”

డాక్టరు కంప్యూటరు తెరను వాళ్లవైపు తిప్పింది. పొద్దున తీసిన రక్తం ఫలితాలు. “థైరాయిడ్. ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ పనిచేస్తోంది. చేతులు వణకడం దానివల్లే. మీ అమ్మగారికి వచ్చినది వేరు, అది చెయ్యి ఊరికే ఉన్నప్పుడు మొదలవుతుంది, కండరం బిగుసుకుంటుంది. మీకు ఆ రెండూ లేవు. మందులు రాస్తాను, ఇంకో డాక్టరు చూస్తారు. కొన్ని వారాల్లో మీకే తెలుస్తుంది.”

“అంటే... అది కాదా?”

“కాదు.”

“మేడం, జర మళ్లొకసారి చెప్పండి.”

డాక్టరు కళ్లద్దాలు కిందికి దించుకుని రూబీ ముఖంలోకి చూసి, విసుగు లేకుండా, “అది కాదు రూబీగారూ” అంది.

ఆ తర్వాత డాక్టరు మందుల గురించి చెప్పింది, శామ్యూల్ తలూపాడు, రూబీకి మాత్రం గదిలో ఉన్న వస్తువులు ఒక్కోటీ వెలుగుతున్నట్టు కనిపించాయి, మేజా మీద ప్లాస్టిక్ మెదడు బొమ్మ, పెన్నుల గ్లాసు, కిటికీ తెర అంచున ఊడిన కుట్టు, ఎంత అందమైన ఊడిన కుట్టు, సూదీ దారం ఇస్తే ఇప్పుడే ఇక్కడే వేసేస్తాను, వంకరగా వేసినా సరే, కొన్ని వారాల్లో తిన్నగా వేస్తాను. ఇచ్చెయ్యను. జర్మనీది సుష్మకి ఇవ్వను. ఎవరికీ ఏదీ ఇవ్వను. ఓంకార్‌కు ఫోన్ చెయ్యాలి, ఈమధ్య వాడి ఫోన్ ఎత్తడమే మానేసింది, అక్కకు కోపమొచ్చిందనుకుని ఉంటాడు. అమ్మా. నాకు నీది రాలేదే. ఈ మాట అమ్మతో చెప్పినట్టు అనుకున్నాక ఎందుకో గుండె కలుక్కుమంది, నీది నీతోనే ఉంచుకున్నావా, ఒక్కదానివే మోసుకుపోయావా అన్నట్టు. అమ్మ ఉంటే ఏమనేదో తెలుసు. పో బిడ్డా, పనిజూస్కో, అనేది.

బయటికి వచ్చేసరికి మూల కుర్చీల్లో వాళ్లిద్దరూ ఇంకా ఉన్నారు, మునిస్వామి, నాగమణి. వాళ్లను చూడగానే రూబీ మొహం మీది సంతోషం ఎక్కడ దాచుకోవాలో తెలియక తడబడింది. చేతినైతే దాచుకోవచ్చు, మొహాన్ని ఎక్కడ దాచుకుంటాం? తల వంచుకుని దాటిపోదామనుకుంది. పెద్దాయనే పిలిచాడు. “ఏమనిరమ్మా?”

కాదన్నారండీ, అని ఎలా అనడం ఆ చేతుల ముందు. నాగమణి ఆమె మొహంలోకి చూసి, “మంచి మాటే అనినట్టుండారు. చూస్తానే తెలస్తాండాది. దానికెందుకు తల్లీ తల దించుకునేది? మాకేం కష్టం రాదులే నీ సంతోషంతో” అంది. రూబీ ఆ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని పెద్దాయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. రెండూ వణుకుతున్నాయి, ఒకదానికి ఇంకొకటి ఆనుకుని. ఆయన వాటిని వింతగా చూసి, “అరే, నీదే వేగంగా ఉండాదే” అన్నాడు. ఈసారి నాగమణి కూడా నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక.

శామ్యూల్ బండి అక్కడే ఉంచేసి రూబీ కారు తాళాలు తనే తీసుకున్నాడు. ఆఫీసుకు వెళ్లాలి కదా అంది, పన్ను పీకేశారని చెప్పు అన్నాడు. రూబీ సీటు వెనక్కి వాల్చాడు. ఎండ పలచగా ఉంది, ఫ్లైఓవరు మీద ఇందాకటి కార్లు ఇప్పుడు కదులుతున్నాయి, లేక కదులుతున్నది తామేనేమో, నీలం అద్దాల భవనం వెనక్కి జరిగిపోయింది, మెట్రో స్తంభాలు ఒకదాని వెనక ఒకటి, దాగుడుమూతలు ఆడినట్టు. ఎన్ని నెలలైందో ఒంట్లో ఇంత బరువు తెలిసి. భుజాలు ఇంత కిందికి ఉంటాయా. మెడ ఇంత పొడుగా. కొత్తగూడ చౌరస్తా వచ్చింది, తమ వీధి మలుపు వచ్చింది, పండ్ల బండి, పూలమ్మే ఆవిడ, అపార్ట్‌మెంట్ గేటు. కారు మలుపు తిరగలేదు.

“ఇల్లు దాటినం” అంది, లేక అన్నాననుకుంది.

“దాటాం. నువ్వు పడుకో.”

ఎక్కడికి అని అడగాలి. హఫీజ్‌పేట దాటి హైవే ఎక్కుతాడేమో, అక్కణ్ణుంచి ఎటు పోయినా రోడ్డు ఉంటుంది. కారు ఆపితే లేస్తానని ఆపడు, నాకు తెలుసు, పెట్రోలు అయిపోయేదాకా తిప్పుతాడు ఈ మనిషి. రేడియో కట్టేశాడు. కాసేపటికి సన్నగా కూనిరాగం మొదలుపెట్టాడు, తనకు తెలియకుండానే, సంతోషం వచ్చినప్పుడు మాత్రమే పాడతాడు, ఎప్పుడూ శ్రుతిలో పాడడు, ఇప్పుడూ తప్పాడు, అదిగో అక్కడ, పైకి వెళ్లాల్సినచోట కిందికి దిగాడు. అట్ల కాదు శామ్, అని సరిదిద్దుదామనుకుంది. నోరు తెరవడానికి ఎక్కడో చాలా లోతు నుంచి రావాలి. అతను మళ్లీ అదే చోట అదే తప్పు పాడాడు, హాయిగా, ఆ తప్పు పట్టుకునే రూబీ కిందికి, ఇంకా కిందికి, మెత్తగా జారిపోయింది.